సన్నాయి మీదికి ఏ పాట ఎక్కుతుంది?

పల్నాడులో పెళ్ళికి మాట్లాడుకునే సన్నాయి మేళంలో మామూలుగా ఐదారుగురు ఉంటారు. రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, ఒక తాళం, ఒక శృతి. శృతికి ఒకప్పుడు ఒత్తు ఊదే మనిషి ఉండేవాడు. ఇప్పుడా పని చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తోంది. పెళ్ళివారి చెయ్యి బిగువైతే ఒక సన్నాయి, ఒక డోలుతోనే కార్యం గట్టెక్కుతుంది. ఎంతమంది వచ్చినా, ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా విడతలు విడతలుగా గంటల తరబడి వాయించాలి. పురోహితుడి చేతిలో పుస్తకం ఉంటుంది, వంటవాళ్ళ దగ్గర సామాన్ల చీటీ ఉంటుంది, మేళంవాళ్ళ ముందు మాత్రం కాగితం ముక్క కూడా ఉండదు. ఆ గంటల్లో ఎప్పుడు ఏది వాయించాలన్నది వాళ్ళు అప్పటికప్పుడు తేల్చుకుంటారు. చూసేవాళ్ళకు అది తోచినట్టు వాయించడంలా ఉంటుంది గానీ, ఆ తోచడం వెనక తరాలుగా వస్తున్న లెక్క ఉంది.

ఆ లెక్కలో సందర్భం ముందు, వాద్యం తర్వాత, వాయించేవారి ఇష్టం ఆఖరు. కచేరీలో కూర్చున్న గాయకుడికి ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. తనకు నచ్చిన రాగం ఎత్తుకుంటాడు, సభ వింటుంది. పందిట్లో సన్నాయి విద్వాంసుడికి ఆ వీలు లేదు.

పెళ్ళిలో ఒక్కో తంతుకూ ఒక్కో రకం పాట కావాలి. మగపెళ్ళివారిని ఎదుర్కొనేటప్పుడు నడకకు పనికొచ్చే చురుకైన తాళం ఉండాలి. వాద్యకారులు కూడా వెనక్కీ ముందుకీ నడుస్తుంటారు కాబట్టి ఊపిరి మరీ ఎక్కువ అడిగే సంగతులు అక్కడ పెట్టుకోరు. గౌరీ పూజ దగ్గర అమ్మవారి కీర్తన. నలుగు దగ్గర, ఇంటి ఆడవాళ్ళకు తెలిసిన పెళ్ళిపాటల వరసలు. వీటిలో ఆనందభైరవి ఎక్కువగా వినబడుతుంది. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో సీతాకల్యాణ ఘట్టానికి రాసిన కురంజి రాగ కీర్తన ఎన్ని పెళ్ళిళ్ళలో వాయించినా పాతబడలేదు. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి పందిరంతా నవ్వులూ కేకలే. అక్కడ శాస్త్రీయ కృతి పెడితే ఎవరికీ వినబడదు. అందరి నోళ్ళలో నానే సినిమా పాట పడాలి. ‘సీతారామ కల్యాణం’ (1961), ‘పెళ్ళిపుస్తకం’ (1991) సినిమాల్లోని పెళ్ళి పాటలు ఈ చోటును దశాబ్దాలుగా ఖాళీ చెయ్యడం లేదు. అప్పగింతల దగ్గర లయ తగ్గుతుంది. డోలు చాలాసేపు మాట్లాడదు. సన్నాయి ఒక్కటే పలుకుతుంది.

వీటన్నిటికీ నడుమ ఏ పాటా కానిది ఒకటుంది. అదే గట్టిమేళం. జీలకర్ర బెల్లం గడియ దగ్గర పడుతుండగా సన్నాయి ఏ మోహనంలోనో కృతి నడుపుతుంటుంది. విద్వాంసుడి చూపు వేళ్ళ మీద ఉండదు, పురోహితుడి కుడిచేతి మీద ఉంటుంది. చరణం సగంలో ఆ చెయ్యి లేస్తుంది. ‘గట్టిమేళం!’ అన్న కేక పూర్తికాకముందే డోలు పుల్ల తోలు మీద పడుతుంది. సన్నాయి పట్టుకున్న మాటను అక్కడే వదిలేసి పైస్థాయి స్వరాలను గుక్క తిప్పుకోకుండా ఊదుతుంది. ఆ క్షణంలో తుమ్మో దగ్గో అపశకునపు మాటో వధూవరుల చెవిన పడకూడదని ఈ ఏర్పాటు. కాబట్టి ముహూర్తానికి ముందు వాయించడానికి ఎంచుకునే కృతికి ఉండాల్సిన మొదటి గుణం, ఎక్కడ తెగినా తెగినట్టు అనిపించకపోవడం. పల్లవి పొట్టిగా ఉండాలి, గట్టిమేళం ముగియగానే మళ్ళీ అందుకోవడానికి వీలుగా ఉండాలి. పెద్ద ఎత్తుగడతో, నిదానంగా విచ్చుకునే చౌకకాలం కృతిని అనుభవజ్ఞులు ఆ వేళకు ముట్టుకోరు. కొత్తగా మేళం కట్టినవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే.

వేళను బట్టి రాగమన్న నియమం సన్నాయి వాద్యానికి మిగతా వాటికంటే ఎక్కువగా పడుతుంది. ఈ వాద్యం గుళ్ళో పెరిగింది, గుడి గడియారాన్ని పట్టి నడుస్తుంది. తెల్లవారుజామున భూపాలం, బౌళి. పొద్దెక్కాక బిలహరి, సావేరి. మధ్యాహ్నం దాటితే మధ్యమావతి. సాయంత్రం పూర్వీకల్యాణి, కల్యాణి. స్వామి పవళింపు వేళకు నీలాంబరి. పొద్దున్నే ఆహిరి ఎత్తుకుంటే ఆ రోజు అన్నం దొరకదని పాత విద్వాంసులు నమ్మేవారు. ఆ రాగాన్ని పక్కనపెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అయితే తెలుగువారి పెళ్ళిముహూర్తాలు అర్ధరాత్రి రెండింటికీ మూడింటికీ పడుతుంటాయి. ఆ వేళకు శాస్త్రం చెప్పే రాగం శుభకార్యానికి పొసగకపోవచ్చు. అప్పుడు మంగళకరమైన రాగానికే ఓటు పడుతుంది, గడియారం ఓడిపోతుంది.

గుళ్ళో ఎంపిక ఇంకా బిగువుగా ఉంటుంది. మాచర్ల లక్ష్మీచెన్నకేశవస్వామి, అమరావతి అమరలింగేశ్వరస్వామి వంటి ఆలయాల్లో ఉత్సవమూర్తి బయటికి వచ్చేటప్పుడు మేళం ముందు నడవాలి. ఊరేగింపు ఎంతసేపు పడుతుందో చెప్పలేరు. ఇంటింటి హారతి దగ్గరా ఆగాలి, మళ్ళీ కదలాలి. అందుకే సన్నాయి సంప్రదాయంలో రాగాలాపనకు అంత పెద్ద పీట. తోడి, కల్యాణి, ఖరహరప్రియ, శంకరాభరణం వంటి రాగాలను ఐదు నిమిషాల్లో ముగించవచ్చు, గంట సాగదీయవచ్చు. సాహిత్యమున్న కృతిని అలా సాగదీస్తే విరిగిపోతుంది.

ఈ అవసరంలోంచే మల్లారి పుట్టింది. సన్నాయి కోసమే పుట్టిన రచన ఏదైనా ఉందంటే అది ఇదే. గంభీరనాట రాగంలో ఉంటుంది, మాటలుండవు, డోలు జతుల మీద నడుస్తుంది. స్వామి వాహనం కదిలేటప్పుడు ఒక మల్లారి, తీర్థానికి మరొకటి, నైవేద్యానికి ఇంకొకటి, రథానికి వేరొకటి. తంజావూరు సీమ ఆలయాల్లో ఈ తేడాలు ఖచ్చితంగా పాటిస్తారు. దూరంగా వీధి మలుపు అవతల ఉన్న భక్తుడు మల్లారి విని ఇప్పుడు గుళ్ళో ఏం జరుగుతోందో చెప్పగలిగేవాడట. తెలుగు ఆలయాల్లోనూ మల్లారి వినిపిస్తుంది కానీ అన్ని రకాలూ వాయించగలిగే మేళాలు తక్కువ. ఒక మేళం ఎంతటిదో తెలుసుకోవాలంటే మల్లారి అడిగితే చాలు.

సందర్భం ఒప్పుకున్న పాటను వాద్యం ఒప్పుకోవాలి. మనం సన్నాయి అంటున్న నాదస్వరం సుమారు రెండున్నర అడుగుల పైనుండే కర్ర గొట్టం. వేళ్ళు ఆడించడానికి ఏడు రంధ్రాలు. వాటి దిగువన మరో ఐదు ఉంటాయి గానీ అవి వాయించడానికి కాదు, మైనంతో మూసీ తెరిచీ శృతి సరిచూసుకోవడానికి. పొట్టిదైన తిమిరి పైశృతిలో పలుకుతుంది. పొడుగాటి బారి నాదస్వరం కిందిశృతిలో గంభీరంగా పలుకుతుంది. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై గత శతాబ్దంలో బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చాక దక్షిణాదిలో అదే స్థిరపడింది. సుమారు రెండున్నర స్థాయిల మేర స్వరాలు పలుకుతాయి. అయితే సగం మూసిన రంధ్రం, పెదవి బిగువు, ఊపిరి బలం కలిస్తేనే గమకం వస్తుంది. మంద్రస్థాయిలో ఎక్కువసేపు తిరిగే కృతిని గాయకుడు పాడితే ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు. అదే కృతి ఆరుబయట పందిట్లో సన్నాయి మీద డోలు కింద నలిగిపోతుంది. మధ్య, తారస్థాయిల్లో మెరిసే కృతులకే మేళంలో చోటు దొరుకుతుంది.

పల్నాడు ఎండ కూడా ఈ ఎంపికలో చెయ్యి పెడుతుంది. రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ తెలిసిందే. పెళ్ళిళ్ళ రద్దీ వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లోనే. గాలి వేడెక్కితే ఊదే వాద్యాల శృతి పైకి జరుగుతుంది. పక్కన ఎలక్ట్రానిక్ శృతిపెట్టె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెల్లుజాతి గడ్డితో చేసే సన్నాయి పీక ఎండకు ఆరిపోయి బిరుసెక్కుతుంది. అందుకే విద్వాంసులు నాలుగైదు పీకలను దారానికి కట్టి సన్నాయికే వేలాడదీసుకుంటారు. ఒకటి నోట్లో తడుస్తుంటే మరొకటి పనిచేస్తుంది. మిట్టమధ్యాహ్నం ముహూర్తానికి నిడివైన ఆలాపన పెట్టుకుంటే శృతి తేడా ఎండకంటే ఎక్కువ బాధిస్తుంది. చిన్న చిన్న కీర్తనలు, మధ్యమధ్య డోలు వాయింపు, ఆ విరామంలో శృతి సరిచూసుకోవడం. ఇదే అప్పటి ఉపాయం.

సన్నాయికి మాట రాదు. అయినా జనం సన్నాయిలో మాటలే వింటారు. రామదాసు ఆనందభైరవి కీర్తన ఎత్తుకోగానే పందిట్లో ముసలమ్మ పెదవులు కదులుతాయి. వాద్యం స్వరాలనే ఇస్తుంది, సాహిత్యాన్ని వినేవాళ్ళు తమ జ్ఞాపకంలోంచి పోసుకుంటారు. అందువల్ల జనానికి నోటికి వచ్చిన పాట సన్నాయి మీద రెట్టింపు పలుకుతుంది. ఎవరికీ తెలియని గొప్ప కృతి ఒట్టి రాగంగా మిగిలిపోతుంది. శ్రీరామనవమి పందిళ్ళలో రామదాసు కీర్తనలు, త్యాగరాజ దివ్యనామ కీర్తనలు తప్ప వేరేవి ఎక్కువగా వినబడకపోవడానికి కారణం ఇదే. మేళంవాళ్ళకు రాక కాదు.

పాటలు ఎక్కడినుంచి దొరుకుతాయి అన్న ప్రశ్నకు పల్నాడులో మొదటి జవాబు గురువు. చిలకలూరిపేట ఈ విద్యకు పేరుపొందిన ఊరు. ఇక్కడి షేక్ ఆదం సాహెబ్ దగ్గర కరవది నుంచి వచ్చి నేర్చుకున్న కుర్రవాడే తర్వాత నాదస్వర చక్రవర్తిగా పేరొందిన షేక్ చిన మౌలానా. 1924లో పుట్టిన ఆయన తండ్రి కాశిం సాహెబ్ దగ్గర మొదలుపెట్టి, ఆదం సాహెబ్ దగ్గర సాధన చేసి, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైక్కణ్ణు సోదరుల దగ్గరికి వెళ్ళారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుబానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి కృష్ణా జిల్లా గోసవీడుకు చెందిన షేక్ హసన్‌కు, భద్రాద్రి రాముడి కొలువులో సన్నాయి వాయించిన ఆ విద్వాంసుడికి, 2022లో మరణానంతరం అదే గౌరవం దక్కింది. రాముడి గుళ్ళో సుప్రభాతం నుంచి పవళింపు దాకా వాయించే పాటలన్నీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ముస్లిం కుటుంబాలు తెలుగునాట ఎన్నో. ఇంట్లో నమాజు, గుళ్ళో భూపాలం. ఆ కుటుంబాలకు ఇందులో వింతేమీ కనబడదు, వింతపడేది బయటివాళ్ళే.

చిన మౌలానా ప్రయాణంలో పాటల ఎంపికకు సంబంధించిన ఒక కీలకం ఉంది. ఆంధ్ర మేళంలో ఎక్కువగా పెళ్ళిళ్ళకూ ఉత్సవాలకూ సరిపడే కీర్తనల నిలవ ఉంటుంది. కావేరి ఒడ్డున రాగాలాపన, పల్లవి, మల్లారి నిలవ ఎక్కువ. ఆయన రెండోదాన్ని సంపాదించుకోవడానికి తెలుగునేల దాటి వెళ్ళారు. విచిత్రం ఏమిటంటే అక్కడ వాయించే కృతుల్లో ఎక్కువ భాగం తెలుగే. త్యాగరాజు రాసింది తెలుగులో. ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత కృతులను స్వరాలతో సహా లోకానికి అందించిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ కూడా 1904లో ఎట్టయాపురంలో అచ్చయింది తెలుగు లిపిలోనే. తెలుగు చదవడం వచ్చిన ఏ సన్నాయి విద్యార్థి అయినా ఆ పుస్తకాన్ని నేరుగా తెరవగలడు. తెరిచేవాళ్ళు తక్కువ. గురువు నోటినుంచి రాని పాటను కాగితం మీంచి ఎత్తుకోవడం మేళాల్లో ఇప్పటికీ అంతగా అలవాటు లేని పని.

గురువు తర్వాత రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక పల్నాడు పల్లెల్లో పంచాయతీ రేడియో దగ్గర కూర్చుని కొత్త కృతి పట్టుకోవడం సాధ్యమైంది. రేడియోతో ఉన్న చిక్కు, పాట మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం. ఒక్కసారి విన్నంతలో పల్లవి, అనుపల్లవి మనసుకెక్కించుకోవాలి. క్యాసెట్టు వచ్చాక ఆ చిక్కు పోయింది. ఇప్పుడు ఫోనులో ఎవరి తోడి కావాలంటే వారి తోడి దొరుకుతోంది. చిక్కు ఇంకో రూపంలో వచ్చింది: పది మంది వాయించిన పది తీర్లు విన్న కుర్రవాడు ఏ ఒక్క బాణీలోనూ నిలబడడు.

అన్నమయ్య సంకీర్తనల సంగతి ఈ విషయంలో చెప్పుకోదగ్గది. ఇవాళ తెలుగు పెళ్ళిపందిట్లో శుద్ధధన్యాసిలోనో కురంజిలోనో వినబడే అన్నమయ్య పాట ఐదువందల ఏళ్ళనాటి వరస అని చాలామంది అనుకుంటారు. సాహిత్యం అంతనాటిదే. వరస కాదు. తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకులు గత శతాబ్దంలో వెలుగు చూశాక, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటికి స్వరాలు కూర్చారు. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డులు ఇంటింటికీ చేరాయి. ఆ తర్వాతే అవి సన్నాయి మీదికి ఎక్కాయి. ఒక పాట మేళంలోకి రావడానికి పాతదై ఉండనక్కర్లేదు, పాతదిలా వినబడి జనం నోళ్ళలో పడితే చాలు.

సినిమా కూడా సన్నాయికి ఇచ్చింది. 1962లో వచ్చిన ‘మురిపించే మువ్వలు’లో ఎస్. జానకి గొంతుకూ కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరానికీ మధ్య ఆభేరి రాగంలో సాగిన పాట అప్పటినుంచీ ప్రతి సన్నాయి విద్వాంసుడికీ పరీక్షే. ‘అది వాయించండి’ అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వాయించినవాణ్ణి అరుణాచలంతో పోల్చుతూనే ఉంటారు.

నరసరావుపేట, మాచర్ల పట్టణాల్లో ఊదే వాద్యాల మేళం అంటే ఇంకొకటి కూడా ఉంది, బ్యాండు మేళం. ట్రంపెట్, క్లారినెట్, యుఫోనియం, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, ఎర్ర కోట్లు, ఇప్పుడైతే బండి మీద కీబోర్డూ స్పీకర్లూ. ఇది ఇంగ్లీషువాళ్ళ సైనిక బ్యాండు నుంచి దిగిన శాఖ. ఆ బ్యాండు పాటలు మద్రాసులో విన్న ముత్తుస్వామి దీక్షితులు శంకరాభరణం స్వరాల మీద వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటినే నోటు స్వరాలంటారు. బ్రిటిష్ రాజగీతం వరసకు కూడా ఆయన అమ్మవారి స్తుతి రాశారు. బ్యాండు నుంచి కర్ణాటక సంగీతం తీసుకున్న ఆ బాకీని, కల్యాణమండపం ముందు క్లారినెట్ మీద త్యాగరాజ కీర్తన వాయించిన ప్రతివాడూ కొంచెం తీర్చినట్టే.

బ్యాండుకు పాట ఎన్నుకోవడంలో అసలు కష్టం ఇటీవలి సినిమా పాటలతో వచ్చింది. పాత పాటకు వరస బలం. మాటలు తీసేసినా ట్రంపెట్ మీద పాట నిలబడుతుంది. ఇప్పటి మాస్ పాటల్లో చాలావాటికి దరువే ప్రాణం, మాటల విరుపే అందం. పల్లవి మొత్తం రెండు మూడు స్వరాల మధ్యే కొట్టుకుంటుంది. దాన్ని క్లారినెట్ మీద వాయిస్తే ఒకే స్వరాన్ని పొడిచినట్టుంటుంది, పాటను జనం గుర్తుపట్టరు. ఊరేగింపులో కుర్రాళ్ళు అడిగేవి అవే. బ్యాండు మాస్టర్లు దీనికి కనిపెట్టిన ఉపాయం, దరువు కొత్త పాటదీ వరస పాత పాటదీ కలపడం. చిందులేసేవాళ్ళకు దరువు చాలు, అరుగుల మీద కూర్చున్నవాళ్ళకు వరస దక్కుతుంది. సంగీతం తెలిసినవాళ్ళు ముక్కు విరుస్తారు గానీ, వీధి మధ్యలో ఇంతకంటే మంచి తీర్పు ఇవ్వడం కష్టం.

చర్చి దగ్గర బ్యాండు పాటల సంచి వేరు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ తర్వాత గురజాలకు వచ్చి పనిచేశాడు. పల్నాడులో క్రైస్తవం అంత పాతది. తెలుగు క్రైస్తవుల చేతుల్లో ఉండే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో చాలా కీర్తనల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి కవులు వాటిని కర్ణాటక వరసల్లోనే రాశారు. అందువల్ల అదే క్లారినెట్ కళాకారుడు పొద్దున పెళ్ళిలో బిలహరి వాయించి సాయంత్రం క్రిస్మస్ ఊరేగింపులో బిలహరిలోనే మరో కీర్తన అందుకోగలడు. చావు దగ్గర వాయించే పాటలను మాత్రం విడిగా ఉంచుతారు. అంతిమయాత్రలో వాయించిన పాటను పెళ్ళిలో పొరపాటున ఎత్తుకుంటే, ఆ మేళానికి ఆ ఊళ్ళో మళ్ళీ బజానా పుట్టదు.

పాటే లేని ఊదే వాద్యమూ ఉంది. జాతరల్లో ఊదే కొమ్ముకు రంధ్రాలుండవు, పలికే స్వరాలు కొన్నే. దానితో కృతి రాదు, కేక వస్తుంది. వాడే చోటు తెలిస్తే ఆ కేక ఒక్కటే చాలు. ఎంపికే అక్కర్లేని చోటూ ఉంది. కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు సాగే కారంపూడి వీరుల తిరునాళ్ళలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. వీరవిద్యావంతులు పంబజోడు మీద పల్నాటి గాథ పాడతారు. అక్కడ ఏ రోజుకు ఏ ఘట్టమన్నది వందల ఏళ్ళ కిందటే తేలిపోయింది, పాడేవాళ్ళు ఎంచుకోవాల్సిన పని లేదు.

పడమటి దేశాల్లో ఊదే వాద్యాల బృందాలకు ఈ ఎంపిక మరో రకం తలనొప్పి. ఇరవయ్యో శతాబ్దం మొదటి వరకూ అక్కడి బ్యాండ్లు కవాతు పాటల మీదా, తీగ వాద్యాల ఆర్కెస్ట్రా కోసం రాసినవాటిని తిరగరాసుకున్న రూపాల మీదా బతికాయి. తమకంటూ రాసిన గట్టి రచన దాదాపు లేదు. 1909లో ఇంగ్లండు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ మిలిటరీ బ్యాండు కోసం రాసిన సూట్‌తో ఆ కొరత తీరడం మొదలైంది. 1952లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఫ్రెడరిక్ ఫెనెల్ ఈస్ట్‌మన్ విండ్ ఆన్సాంబుల్ నెలకొల్పి, ఒక్కో భాగానికి ఒక్కరే వాయించే చిన్న బృందాన్ని తయారుచేశాడు. కొత్త రచనలు రాయమని స్వరకర్తలను కోరాడు. ఇప్పుడు ప్రచురణకర్తలు బ్యాండు రచనలకు ఒకటి నుంచి ఆరు వరకు కష్టాన్నిబట్టి అంకెలు వేసి అమ్ముతారు. బడి బ్యాండు మాస్టరు తన పిల్లల స్థాయి చూసుకుని రెండో అంకెదో మూడో అంకెదో కొనుక్కుంటాడు. ఈ లెక్కన చూస్తే మల్లారి, ఆలాపన చేతిలో ఉన్న సన్నాయి మేళం, హోల్స్ట్ నాటి ఇంగ్లీషు బ్యాండుకంటే ఎంతో ముందునుంచే సొంత ఆస్తి ఉన్న మేళం. బ్యాండు మేళం మాత్రం నేటికీ అరువు పాటల మీదే నడుస్తోంది. తెలుగులో బ్యాండు కోసమే ఒక రచన చేద్దామని ఏ సంగీత దర్శకుడైనా కూర్చుంటే, వాయించడానికి ఊరికో బృందం సిద్ధంగానే ఉంది.

ఒక పాటను తీసి మరొకటి పెట్టడం ఎంత పెద్ద విషయమవుతుందో ఢిల్లీలో జనవరి 29న జరిగే బీటింగ్ రిట్రీట్ చూపింది. గాంధీజీకి ఇష్టమైన ‘అబైడ్ విత్ మి’ అన్న క్రైస్తవ గీతాన్ని సైనిక బ్యాండ్లు ఏళ్ళ తరబడి ఆ వేడుకలో వాయించాయి. 2022లో దాన్ని తొలగించి లతా మంగేష్కర్ పాడిన ‘ఏ మేరే వతన్ కే లోగోఁ’ చేర్చారు. దేశమంతా కొన్నాళ్ళు దాని గురించే వాదించుకుంది. పల్నాడు పెళ్ళిలో అంత వాదన ఉండదు గానీ, అప్పగింతల పాట మారిస్తే ఇంటి పెద్దావిడ మాత్రం తప్పకుండా అడుగుతుంది.

ఎప్పుడు ఏ పాట మారినా ముగింపు మారదు. సౌరాష్ట్ర రాగంలో త్యాగరాజస్వామి మంగళం, లేదా మధ్యమావతిలో రెండు నిమిషాలు. ఆ తర్వాత సన్నాయిని గుడ్డలో చుడతారు, పీకలు విప్పి డబ్బాలో పెడతారు. పెళ్ళివారు చేయగలిగిన సాయం ఒకటే. తలంబ్రాలకూ అప్పగింతలకూ ఏ పాటలు కావాలో రాసిన చీటీని బజానా ఇచ్చే రోజునే మేళం పెద్దకు అందించాలి. ముహూర్తం మధ్యలో అందిన చీటీ డోలు కిందికి పోతుంది.